చికాగో శివారులో ఒక సర్కారు బడి: పేరు వెనుక కథ

మన సంఘ సభ్యులలో చాలామంది పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు. ఒకసారో రెండుసార్లో వెళ్ళి, మనుమలతో ఆరు నెలలు గడిపి వచ్చినవారు మనలో తక్కువేమీ కాదు. అలా వెళ్ళినవారికి మొదటి వారంలోనే చెవిన పడే మాట ఒకటుంది. అదే ‘స్కూల్ డిస్ట్రిక్ట్’. అబ్బాయి ఇల్లు కొనబోతే వాస్తు ఎలాగూ చూస్తాడు గాని, అంతకంటే ముందు ఆ ఇల్లు ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ కిందికి వస్తుందో చూస్తాడు. వీధికి ఇటు పక్క ఇంటికి ఒక ధర, అటు పక్క అలాంటి ఇంటికే మరొక ధర ఎందుకుందిరా అని అడిగితే, ‘అటు పక్కది వేరే స్కూల్ నాన్నా’ అంటాడు.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన నాకు ఈ మాట చాలా వింతగా తోచింది. ఎందుకంటే ఆ బడి ప్రైవేటుది కాదు. ఫీజు కట్టి చేరే కాన్వెంటు కాదు. అచ్చంగా సర్కారు బడి. మన వైపు నాలుగు డబ్బులు చేతిలో పడగానే పిల్లలను సర్కారు బడి మాన్పించడం చూస్తూ వచ్చాం. అక్కడేమో సర్కారు బడిలో చేర్పించడానికి జీవితమంతా తీర్చవలసిన అప్పు చేసి ఇల్లు కొంటున్నారు. ఇది ఎలా వచ్చింది, దీనిలో మంచి ఎంత, చెడు ఎంత అని తెలుసుకోవాలంటే ఒక బడి చరిత్ర చదివితే చాలు. ఆ బడి పేరు న్యూ ట్రయర్ ఉన్నత పాఠశాల.

బడి పుట్టిన కాలం

చికాగో అనగానే మనకు 1893లో వివేకానంద స్వామి చేసిన ప్రసంగం గుర్తుకు వస్తుంది. మనలో కొందరికి ఆ నగరానికి పడమట అరోరాలో ఉన్న బాలాజీ గుడి గుర్తుకు వస్తుంది. మనం చెప్పుకోబోయే బడి ఆ దిక్కున లేదు. నగరానికి ఉత్తరంగా, సముద్రంలా కనిపించే మిషిగన్ సరస్సు ఒడ్డు వెంట సుమారు పదహారు మైళ్ళు పోతే వినెట్కా అనే చిన్న ఊరు వస్తుంది. 1990లో వచ్చిన ‘హోమ్ ఎలోన్’ సినిమాలో కుర్రవాడు ఒంటరిగా చిక్కుబడిపోయిన ఇల్లు ఈ ఊరిదే. మనుమలతో కలిసి ఆ సినిమా చూసినవారికి అక్కడి ఇళ్ళ తీరు ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

జర్మనీలోని ట్రయర్ పట్టణ ప్రాంతం నుండి వచ్చి స్థిరపడినవారి వల్ల ఆ ప్రాంతానికి న్యూ ట్రయర్ అనే పేరు వచ్చింది. రైలు మార్గం పడిన తరువాత చికాగోలో ఉద్యోగ వ్యాపారాలు చేసుకునేవారు సరస్సు ఒడ్డున ఇళ్ళు కట్టుకున్నారు. వినెట్కా, విల్మెట్, కెనిల్వర్త్, గ్లెన్కో మొదలైన ఊళ్ళన్నీ కలిసి ఒక ఉన్నత పాఠశాల పెట్టుకున్నాయి. 1901 ఫిబ్రవరి 4న ఆ బడి తలుపులు తెరిచినప్పుడు చేరిన విద్యార్థులు 76 మంది.

ఆ రోజుల్లో ఉన్నత పాఠశాల అన్నది అమెరికాలో కూడా అందరికీ అందే చదువు కాదు. 1900 ప్రాంతంలో ఆ చదువు పూర్తి చేసినవారు నూటికి ఆరుగురు మాత్రమే. అసలు ఉన్నత పాఠశాలకు ప్రజల పన్ను సొమ్ము ఖర్చు చేయవచ్చునా అన్న వివాదం కోర్టుల దాకా వెళ్ళింది. పక్క రాష్ట్రమైన మిషిగన్‌లో కలమజూ పట్టణం వారు వేసిన వ్యాజ్యంలో 1874లో తీర్పు వచ్చింది. పన్ను వేసి ఉన్నత పాఠశాల నడపడం చట్టసమ్మతమేనని అక్కడి సుప్రీం కోర్టు చెప్పింది. ఆ తీర్పును మిగతా రాష్ట్రాలు కూడా ఆదర్శంగా తీసుకోవడంతో ఊరూరా ఉన్నత పాఠశాలలు లేచాయి. 1940 నాటికి అమెరికా యువతలో సగం మంది ఆ చదువు పూర్తి చేసే స్థితికి వచ్చారు. న్యూ ట్రయర్ ఈ పెద్ద కెరటంలో పుట్టిన బడి.

డబ్బు ఎక్కడిది?

మన జిల్లా పరిషత్ పాఠశాలలో ఉపాధ్యాయుల జీతం రాష్ట్ర ఖజానా నుండి వస్తుంది. నెల మొదట్లో ట్రెజరీ చుట్టూ తిరిగిన మనకు ఆ సంగతి బాగా తెలుసు. అక్కడి పద్ధతి వేరు. బడి ఖర్చులో పెద్ద భాగం ఆ చుట్టుపక్కల ఇళ్ళ మీద, దుకాణాల మీద వేసే ఆస్తి పన్ను నుండి వస్తుంది. మన ఇంటి పన్నులో గ్రంథాలయ సెస్సు కలిపి వసూలు చేస్తారు కదా, అలాగే అక్కడ బడి పన్ను కలిసి ఉంటుంది. తేడా ఏమిటంటే, మన సెస్సు పన్నులో చిన్న ముక్క. అక్కడ పన్నులో సగానికి పైగా బళ్ళకే పోయే ఊళ్ళు ఎన్నో.

బడిని నడిపే బోర్డులో ఏడుగురు సభ్యులుంటారు. ఓటర్లు ఎన్నుకున్న వీరికి జీతం లేదు. కొత్త భవనానికి పెద్ద అప్పు చేయాలంటే ఊరివాళ్ళను ఓటు అడగాలి. న్యూ ట్రయర్ వారు 2010లో 17 కోట్ల 40 లక్షల డాలర్ల పథకంతో ఓటర్ల ముందుకు వెళితే ఊరు వద్దంది. దానిని తగ్గించుకుని 2014లో 8 కోట్ల 90 లక్షల డాలర్లకు మళ్ళీ అడిగితే ఊరు సరేనంది. ఆ సొమ్ముతోనే పాత భాగం పడగొట్టి కొత్త భవనం కట్టారు.

ఇక్కడ మన పింఛనుదారులు గమనించవలసిన విషయం ఉంది. ఆ ఓటు వేసేవారిలో, ఆ పన్ను కట్టేవారిలో పదవీ విరమణ చేసిన వృద్ధులు ఎందరో ఉంటారు. వారి పిల్లలు ఎప్పుడో చదువు ముగించి వెళ్ళిపోయారు. అయినా పక్కింటి పిల్లల బడికి వారు ఏటా పన్ను కడుతూనే ఉంటారు. అరవై అయిదేళ్ళు దాటినవారికి కొంత మినహాయింపు ఉన్నా భారం పూర్తిగా తప్పదు. బడి పేరు నిలిస్తే తమ ఇంటి ధర నిలుస్తుందన్న స్వార్థం దీనిలో లేదని అనలేం. ఏ కారణంతోనైనా, ముసలివారు కూడా బడి సంగతి తమ సంగతి అనుకునే ఏర్పాటు అది.

పేరు ఎలా వచ్చింది?

డబ్బున్న బడులన్నిటికీ పేరు రాదు. న్యూ ట్రయర్‌కు పేరు తెచ్చిన వాటిలో మొదట చెప్పుకోవలసినది అడ్వైజర్ పద్ధతి. 1920 దశకంలో మొదలైన ఈ ఏర్పాటు ఇప్పటికీ నడుస్తోంది. విద్యార్థులను పాతిక మంది చొప్పున చిన్న జట్లుగా చేసి, జట్టుకొక ఉపాధ్యాయుణ్ణి అప్పగిస్తారు. ప్రతి ఉదయం పాఠాలకు ముందు పిల్లలు ఆయన గదిలో కూడుతారు. పాఠం చెప్పడం అక్కడ పని కాదు. ఎవరు దిగులుగా ఉన్నారు, ఎవరికి లెక్కలు అందడం లేదు, ఎవరి ఇంట్లో ఇబ్బంది వచ్చింది అన్నది కనిపెట్టి ఉండడం ఆయన పని. ఏళ్ళ తరబడి అదే జట్టుకు అదే ఉపాధ్యాయుడు ఉంటాడు. నాలుగు వేల మంది చదివే బడిలో ప్రతి పిల్లవాణ్ణీ పేరు పెట్టి పిలిచే పెద్దమనిషి ఒకడుంటాడన్నమాట.

చుట్టుపక్కల వాతావరణం కూడా కలిసి వచ్చింది. అదే వినెట్కాలో ప్రాథమిక పాఠశాలలకు 1919 నుండి 1943 వరకు అధిపతిగా ఉన్న కార్ల్‌టన్ వాష్‌బర్న్, తరగతి మొత్తాన్ని ఒకే తాడున కట్టి నడపకుండా, ఏ పిల్లవాడి వేగాన వాడు నేర్చుకునే పద్ధతి ప్రవేశపెట్టాడు. ‘వినెట్కా ప్రణాళిక’ అన్న పేరుతో అది విద్యాశాస్త్ర గ్రంథాలలోకి ఎక్కింది. మనలో ఉపాధ్యాయ శిక్షణ పొందినవారు దాని పేరు చదివే ఉంటారు. ఆ బళ్ళలో చదివిన పిల్లలే పెద్దవారై న్యూ ట్రయర్‌కు వచ్చేవారు.

1913 నాటికే ఆ బడికి భవనం లోపలే ఈతకొలను ఉంది. 1950లో ‘లైఫ్’ పత్రిక ఈ బడిని గురించి ఫొటోలతో కథనం ప్రచురించడంతో పేరు దేశమంతటా పాకింది. తరువాతి కాలంలో కళాశాల స్థాయి పాఠాలను ఉన్నత పాఠశాలలోనే చెప్పే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ తరగతులు వచ్చాయి. ఒకే పాఠ్యాంశాన్ని పిల్లల శక్తిని బట్టి వేరువేరు స్థాయులలో బోధించే పద్ధతి కూడా ఆ బడిలో ఉంది. అది మేలని కొందరు, పిల్లవాడికి చిన్నప్పుడే ముద్ర వేస్తుందని మరికొందరు వాదిస్తూ ఉంటారు.

పూర్వ విద్యార్థుల జాబితా చూస్తే అబ్బురం కలుగుతుంది. ‘బెన్‌హర్’ చిత్రంలో నటించిన చార్ల్‌టన్ హెస్టన్, నటుడు రాక్ హడ్సన్, రెండుసార్లు అమెరికా రక్షణ మంత్రిగా చేసిన డోనాల్డ్ రమ్స్‌ఫెల్డ్, నవలా రచయిత స్కాట్ టురో, అందరూ ఆ బడిలో చదివినవారే. అయితే నాకు అందరికంటే ఎక్కువగా మనసుకు హత్తుకున్నది వీరెవరి కథా కాదు.

ఒక శరణార్థి పిల్లవాడు

జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చాక యూదుల పిల్లలకు చదువు దారులు మూసుకుపోసాగాయి. అమెరికాలోని యూదు ధర్మసంస్థలు కొందరు పిల్లలను రప్పించి, అక్కడి కుటుంబాలలో ఉంచి చదివించడానికి ముందుకు వచ్చాయి. అలా 1934లో జాక్ స్టైన్‌బర్గర్ అనే పదమూడేళ్ళ కుర్రవాడు అన్నతో కలిసి ఓడ ఎక్కాడు. చికాగోలో ధాన్యం వ్యాపారం చేసే బార్నెట్ ఫారోల్ అనే ఆయన ఆ పిల్లవాణ్ణి తన ఇంట పెట్టుకున్నాడు. ఆ ఇల్లు న్యూ ట్రయర్ పరిధిలో ఉంది. అందువల్ల జాక్ ఆ బడిలో చేరాడు. 1938లో జాక్ తల్లిదండ్రులు, తమ్ముడు కూడా జర్మనీ నుండి బయటపడడానికి ఆ ఫారోల్ గారే తోడ్పడ్డారు.

ఆ తరువాత జాక్ జీవితం పూలబాట కాలేదు. తల్లిదండ్రులు చికాగోలో చిన్న దుకాణం పెట్టుకుని బతికారు. కళాశాలలో వచ్చిన విద్యార్థి వేతనం రెండేళ్ళకే ఆగిపోతే, పగలు ప్రయోగశాలలో సామాను కడుగుతూ సాయంత్రాలు చదువుకున్నాడు. చివరకు భౌతిక శాస్త్రవేత్త అయి, న్యూట్రినోలు ఒక రకం మాత్రమే కావని నిరూపించిన 1962 నాటి ప్రయోగానికి గాను, మరి ఇద్దరితో కలిసి 1988లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ పతకాన్ని ఆయన ఇంట్లో పెట్టుకోలేదు. తనను చదివించిన న్యూ ట్రయర్ బడికి ఇచ్చేశాడు. 2020 డిసెంబరులో, 99 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశాడు.

ఇంతమంది పిల్లలకు పాఠాలు చెప్పిన మనకు, ఒక విద్యార్థి అలా తిరిగి వచ్చి తన పతకం బడి చేతిలో పెట్టడం కంటే గొప్ప గురుదక్షిణ ఏముంటుంది?

గీతకు అవతలివారు

ఇంతవరకు చెప్పినది ఒక వైపు. జాక్‌కు ఆ బడి దొరికింది ఎవరో పుణ్యాత్ముడి ఇల్లు ఆ హద్దులో ఉండబట్టి. మరి అలాంటి ఇల్లు దొరకని పిల్లల మాటేమిటి?

ఆ ఊళ్ళలో ఇల్లు కొనడానికి డబ్బు ఒక్కటే అడ్డు కాదు. నల్లవారికి ఆ ప్రాంతంలో ఇళ్ళు చూపించడానికే దళారులు ఒప్పుకోని రోజులుండేవి. 1965 జూలై 25న డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ వినెట్కా ఊరి మైదానంలోకి వచ్చి ఈ అన్యాయం మీదనే మాట్లాడాడు. వేలమంది వచ్చి విన్నారు. వారిలో ఎక్కువమంది ఆ ఊళ్ళ తెల్లవారే. ఇళ్ళ అమ్మకంలో జాతి భేదం చూపరాదన్న చట్టం, కింగ్ హత్య జరిగిన వారం రోజులకు, 1968 ఏప్రిల్‌లో వచ్చింది.

చట్టం వచ్చినా ఇళ్ళ ధరలు దిగలేదు. ఆస్తి పన్ను మీద బళ్ళు నడిస్తే, ఖరీదైన ఇళ్ళున్న ఊరి బడికి సొమ్ము ఎక్కువ, పేదల ఊరి బడికి తక్కువ. ఇది సమానత్వానికి విరుద్ధమని టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో పట్టణ తల్లిదండ్రులు కోర్టుకు వెళ్ళారు. 1973లో అమెరికా సుప్రీం కోర్టు, అయిదుగురు ఒక వైపు, నలుగురు ఒక వైపు చీలి, ఈ పద్ధతి రాజ్యాంగ విరుద్ధం కాదని తీర్పు చెప్పింది. నలుగురికి బదులు అయిదుగురు ఇటు మొగ్గి ఉంటే ఆ దేశపు బళ్ళ చరిత్ర మరోలా ఉండేది.

1991లో జొనాథన్ కొజోల్ అనే రచయిత న్యూ ట్రయర్‌నూ, చికాగో నగరంలో నల్లవారి పిల్లలు చదివే డుసేబుల్ ఉన్నత పాఠశాలనూ పక్కపక్కన పెట్టి ఒక పుస్తకంలో చూపించాడు. న్యూ ట్రయర్‌లో ఒక్కొక్క అడ్వైజర్ కింద సుమారు ఇరవై నలుగురు పిల్లలు. డుసేబుల్‌లో ఒక్కొక్క సలహాదారు కింద 420 మంది. పైన మనం మెచ్చుకున్న ఆ అడ్వైజర్ పద్ధతి గొప్పదే. కాని ఆ గొప్పకు జీతాలివ్వగల ఊరు కూడా ఉండాలి కదా!

ఈ బాధ 2008 సెప్టెంబరులో బస్సులెక్కి వచ్చింది. చికాగోకు చెందిన రాష్ట్ర సెనేటర్ జేమ్స్ మీక్స్ నాయకత్వంలో వెయ్యి మందికి పైగా నగర విద్యార్థులు, తమ బళ్ళు తెరిచిన మొదటి రోజునే వాటిని బహిష్కరించి, న్యూ ట్రయర్‌కు వచ్చి తమను చేర్చుకొమ్మని దరఖాస్తులు నింపారు. బడివారు వారిని అడ్డగించలేదు. బల్లలు వేసి మర్యాదగానే కాగితాలు తీసుకున్నారు. కాని ఆ హద్దులో నివాసం లేనివారికి ఉచిత ప్రవేశం ఇవ్వడానికి నిబంధన ఒప్పుకోదు. పిల్లలు వచ్చిన బస్సుల్లోనే తిరిగి వెళ్ళారు.

జిజ్ఞాస, కరుణ, సేవ అనేవి ఆ బడి తన ఆశయ వాక్యంలో చెప్పుకునే మూడు గుణాలు. ఆ రోజు కాగితాలు తీసుకున్న చేతులకు కరుణ లేదని నేననను. గీత గీసింది వారు కాదు. వారి ముందు తరాలవారు గీసిన గీత అది. దాన్ని చెరపాలంటే ఒక్క బడి వల్ల అయ్యే పని కాదు. ఇలినాయ్ రాష్ట్రం 2017లో కొత్త చట్టం చేసి, అదనంగా వచ్చే రాష్ట్ర నిధులను వెనుకబడిన బళ్ళకు ముందుగా పంచే పద్ధతి తెచ్చింది. అంతకు మునుపటి వాటా ఎవరికీ తగ్గించలేదు. ఇది మంచి అడుగే. కాని ఆస్తి పన్ను మీదనే ప్రధానంగా ఆధారపడే పద్ధతి మాత్రం అలాగే ఉంది.

పెరగడం, తగ్గడం

పేరున్న బడికి కూడా ఎదురుగాలి తప్పదు. యుద్ధానంతరం పిల్లల సంఖ్య పెరగడంతో 1965లో నార్త్‌ఫీల్డ్‌లో ‘న్యూ ట్రయర్ వెస్ట్’ అనే రెండో బడి కట్టారు. ఇరవై ఏళ్ళు తిరగకుండానే పిల్లలు తగ్గారు. 1981లో రెండు బళ్ళనూ కలిపివేశారు. 1985 నాటికి నార్త్‌ఫీల్డ్ ప్రాంగణంలో తరగతులే లేవు. మళ్ళీ సంఖ్య పెరిగి, 2001 నుండి మొదటి ఏడాది పిల్లలకు ఆ ప్రాంగణాన్ని తెరిచారు. బడి మూతపడితే పూర్వ విద్యార్థుల గుండెలో ఎలా ఉంటుందో, విలీనం పేరుతో తమ బడి పోగొట్టుకున్న మన ఊళ్ళవారికి తెలియనిది కాదు. ఆ వెస్ట్ బడిలోనే 1977లో చదువు ముగించిన రామ్ ఇమాన్యుయెల్ తరువాత చికాగో మేయరయ్యాడు. ఆయన హయాంలో, 2013లో, చికాగో నగరంలో సుమారు 50 సర్కారు బళ్ళు మూతపడ్డాయి.

మన మాట

ఈ చరిత్ర మనకెందుకు అని సభ్యులు అడగవచ్చు. అమెరికాలో మనుమలు చదివే బడి మంచిదే కావచ్చు, అందుకు సంతోషిద్దాం. కాని ఆ బడి మంచిదెందుకయిందో కూడా తెలుసుకుందాం. ఆ ఊరి వైద్యుడు, వకీలు, వ్యాపారి తమ పిల్లలను ఆ సర్కారు బడికే పంపారు. పైకప్పు కారితే వారే అడిగారు, ఉపాధ్యాయుడు చాలకపోతే వారే ఓటు వేసి పన్ను కట్టారు. ఊరి పెద్దలు బడిని వదలలేదు. కాకపోతే బయటివారికి తలుపు తీయలేదు.

మన దగ్గర జరిగింది దీనికి తిరగబడిన కథ. మన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల తలుపు ఏ బిడ్డకూ మూయలేదు. ఇల్లు ఎక్కడ, ధర ఎంత అని అడగలేదు. కాని తహసిల్దారు పిల్లలు, డాక్టరు పిల్లలు, చివరకు అదే బడిలో పాఠం చెప్పే మాస్టారి పిల్లలు కూడా ఒక్కొక్కరే బయటకు వెళ్ళిపోయారు. దాపరికం లేకుండా చెప్పాలంటే నేనూ నా పిల్లలను పట్నంలో ప్రైవేటు బడిలోనే చదివించాను. ఉదయం వారిని అక్కడ దింపి, వేరొకరి పిల్లలకు పాఠం చెప్పడానికి నా బడికి వెళ్ళేవాణ్ణి. అప్పట్లో అది తప్పని తోచలేదు.

ఇప్పుడు ఆ లోటు కొంతయినా తీర్చుకునే వీలు మనకుంది. సభ్యులలో ఎవరికి ఏ ఊరు దగ్గరో ఆ ఊరి ఉన్నత పాఠశాలకు వారానికి ఒక పూట వెళ్ళవచ్చు. డబ్బు ఇవ్వనక్కరలేదు. పాతిక మంది పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని, వారి పేర్లు తెలుసుకుని, ఎవరికి ఏమి అందడం లేదో అడిగితే చాలు. న్యూ ట్రయర్ వారు జీతాలిచ్చి చేయించే ఆ పని, పింఛను తీసుకునే మనం ఊరికే చేయగలం. ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి అనుమతి తీసుకునే భారం సంఘం కార్యవర్గం వహిస్తే, మొదటి పేరు నాది రాసుకోవలసిందిగా మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.